పదిహేడో పాదసూచిక

వాల్దీవియాలో వాన జూన్‌లో పట్టుకుంటే
ఎప్పుడు వదిలిందో ఎవరూ గమనించరు.
ఆ వానలో గొడుగు లేకుండా వచ్చింది యాస్నా ఒయార్సో.
కోటు లోపల, పొట్టకు ఆనించుకుని
ముప్పై నాలుగు పేజీల పరిశోధనాపత్రం.
కాగితం తడవలేదు. పిల్ల తడిసింది.

బంగాళాదుంపల మీద రాసింది.
చిలోయే దీవిలో నల్లతొక్క దుంపొకటి
ఏడు నెలలు మొలకెత్తకుండా నిలవుంటుందని
పదకొండో పేజీలో ఒక వాక్యం.
దానికి ముందూ వెనకా ఎవరూ లేరు.
"ఎవరన్నారు?" అని పక్కన ఎర్రసిరాతో రాశాను.
ముప్పై ఏళ్లుగా రాస్తున్న మాటే.
పిల్లలు చాటున నన్ను ఆ పేరుతోనే పిలుస్తారట.

"అందరికీ తెలిసిందే కదా మాష్టారూ" అంది.
అందరికంటే ముందు ఒకరికి తెలిసి ఉంటుంది,
ఆ ఒకరి పేరు కావాలి నాకు, అన్నాను.
చేబదులు తెచ్చుకోవడం తప్పు కాదమ్మా,
ఎవరి గడపలో తెచ్చుకున్నామో మరిచిపోవడం...
ఇలాంటివి నాకు బాగా వచ్చు.
ఏటా మార్చిలో ఒకసారి చెబుతాను.

మూడు వారాలు కనబడలేదు.
తర్వాత వచ్చింది, చేతిలో ఒక చిన్న జాబితా.
నిరుడు వచ్చిన వ్యాసం ఆ మాట అని
రెండువేల తొమ్మిది నాటి పుస్తకం వైపు వేలు చూపించింది.
పుస్తకం ఒక సదస్సు పత్రం వైపు.
సదస్సు పత్రం ఒక సిద్ధాంత గ్రంథం వైపు.
అక్కడ ఆగింది పిల్ల.
కిటికీకేసి చూసింది.
"అది మీదండి."

బీరువా అడుగున నీలం అట్ట.
నూట పన్నెండో పేజీ, పదిహేడో పాదసూచిక:
కాస్త్రో వ్యవసాయ కేంద్రం నివేదిక, 1961, పుట 8.
నా పాత టైపు మిషన్‌లో ఒకటి అంకె
కాస్త పైకి లేచి నిలబడేది.
చూస్తే ఎంత నమ్మకంగా ఉందో.

ఆ నివేదిక నేనెప్పుడూ చూడలేదు.
ఇరవై ఆరేళ్లు నాకప్పుడు. శుక్రవారం గడువు.
కాస్త్రోకి బస్సెక్కాలి, పడవ దాటాలి, జేబులో చూస్తే ఏమీ లేదు.
ఇంకెవరి పాదసూచికలోనో కనబడితే
ఎంగిలి తుడిచి
నా కంచంలో వడ్డించుకున్నాను.

"నేను చూసొచ్చాను" అంది.
ఎలుకలు కొరికిన మూల తప్ప
మిగతాదంతా ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చింది.
పుట ఎనిమిది కాదు, పద్దెనిమిది.
"పైకప్పు కింద, పొయ్యి పొగ తగిలే చోట పెడితే
ఒక్కో ఏడు ఏడు నెలల దాకా.
చెప్పినవారు: ఎదుల్వినా నావెల్‌కిన్,
దాల్కావే రేవులో దుంపలమ్మే మనిషి."

ముందు పొగ పోయింది.
తర్వాత పైకప్పు.
తర్వాత "ఒక్కో ఏడు" పోయింది,
ఎందుకంటే ఒక అచ్చుతప్పులా కనబడి ఉంటుంది ఎవరికో.
ఆవిడ పేరు నా చేతిలో రాలిపోలేదు,
నా దాకా రాకముందే రాలింది.
నేను వంగి వెతకలేదు, అంతే.
అంతే అని ఎంత తేలిగ్గా రాసేశాను చూడండి.

"ఈవిడకి ప్రచురణకర్త లేరు,
ఏ రోజు చెప్పిందో నివేదికలో లేదు, ఎలా రాయను?"
తేదీ లేదు అని రాయి.
ఇంటిపేరు ముందు. తర్వాత కామా.
గొంతు సవరించుకుని ఇంత మాత్రం చెప్పగలిగాను.

ఆగస్టులో తుది ప్రతి ఇచ్చింది.
ఏడుకి ఆరున్నర వేశాను,
రెండు చోట్ల కామాలు లేవు మరి.
జాబితాలో ఎదుల్వినా ఉంది, నా పైన.
నా గ్రంథం పక్కన కుండలీకరణాల్లో:
మూలం చూడలేదని రచయితే ఒప్పుకున్నారు.
దానికీ ఒక అంకె వేసింది. కిందికి వెళ్లి చూశాను.
వ్యక్తిగత సంభాషణ, వాల్దీవియా, జూలై 4, వాన.

"వాన" కొట్టేయాలి.
ఏ పద్ధతిలోనూ దానికి చోటు లేదు.
ఎర్ర కలం మూత తీసి కూచున్నాను.
బయట ఇంకా పడుతూనే ఉంది.